కింద పడని డ్రోన్‌కు పగుళ్లెందుకు?

ఒక్కసారి కూడా కింద పడని డ్రోన్‌కు మోటార్ల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు ఎందుకు వస్తున్నాయని, అది ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలని అడిగారు. నన్నడిగితే ఈ పగుళ్లలో చాలావరకు గాలిలో పుట్టినవి కావు, బల్ల మీద స్క్రూ బిగించేటప్పుడు పుట్టినవే.

నేను ఒకరి దగ్గర కొన్న పాత డ్రోన్ పైకి కొత్తదానిలాగే ఉండేది. ప్రొపెల్లర్లు తీసి, చీకటి గదిలో ఆర్మ్ (మోటారును మోసే చేయి) అడుగున టార్చి పట్టి చూసేసరికి స్క్రూ రంధ్రం చుట్టూ పాలిపోయిన మచ్చ, అక్కడి నుంచి అంచు దాకా పాకిన సన్నని గీత బయటపడ్డాయి. స్క్రూ విప్పితే, ఎవరో ధారాళంగా పోసిన, స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే నీలిరంగు థ్రెడ్‌లాకర్ పొంగి ప్లాస్టిక్ మీద ఎండిపోయి ఉంది. ఆ ద్రవం లోహాల మధ్య వాడవలసినది. బిగింపు ఒత్తిడిలో ఉన్న పాలికార్బొనేట్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లకు అది తగిలితే, మామూలుగా అవి తట్టుకోగలిగిన ఒత్తిడికే పగులుతాయి. మోటారు లోహంలోకి దిగే స్క్రూ కొనకు సూదిమొనంత రాస్తే చాలు. స్క్రూలను ఎదురెదురుగా, చేత్తోనే, కొంచెం కొంచెంగా బిగించి, తల ప్లాస్టిక్‌కు ఆనగానే ఆపాలి. డ్రిల్లు మిషనుతో బిగించి చూపించే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్మ్‌ల చుట్టూ అలంకారపు స్టిక్కర్లు అంటించేవారైతే, పగులు సాగుతున్నా కనబడకుండా తామే కప్పిపెడుతున్నారు.

అంచు విరిగిన ప్రొపెల్లర్‌ను అరగదీసి మళ్లీ వాడకండి. నిమిషానికి వేల సార్లు తిరిగేదానిలో చిన్న బరువు తేడా కూడా ఆ స్క్రూ రంధ్రాలనే ఆగకుండా కుదుపుతుంది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని పూర్తి ఛార్జితో వారాల తరబడి ఉంచితే త్వరగా పాడవుతుంది, ఉబ్బితే లోపలి నుంచి బాడీని నెడుతుంది కూడా. కాబట్టి సెల్లుకు సుమారు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి.

పగులు చిన్నదైతే దాని కొస దగ్గర 1 మిల్లీమీటరు రంధ్రం వేయండి. ఒత్తిడి ఒకే మొన మీద పడకుండా గుండ్రని అంచు చుట్టూ పంచుకుంటుంది కాబట్టి పగులు సాగడం కొంతకాలం ఆగుతుంది. ఒక స్క్రూ రంధ్రం నుంచి ఇంకొకదానికి పాకిన పగులుకు మాత్రం జిగురు పోసి ఎగరేయవద్దు, ఆ భాగాన్ని మార్చవలసిందే.