కొత్త థీమ్ పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మీ సాహిత్య పత్రిక సైటుకు థీమ్, అంటే పేజీల రూపురేఖల మూస, మార్చాలనుకుంటున్నామని రాస్తూ నువ్వు పంపిన మూడు నమూనాలూ చూశాను. ముచ్చటగానే ఉన్నాయి. కానీ అవి ఇంగ్లీషు అక్షరాలతో, పెద్ద పెద్ద ఫొటోలతో సింగారించిన పేజీలు. మీ దగ్గర ఉన్నవి కథలు, కవితలు, పొడవాటి వ్యాసాలు, అదీ తెలుగులో. అందుకే నమూనా చూసి నిర్ణయించుకోవద్దు. మీ పాత సంచికలు ఆ థీమ్‌లో ఎలా కనిపిస్తాయో చూశాకే ఎంచుకో.

ముందుగా రచనలు ఉండే డేటాబేస్‌కూ, థీమ్‌లు, ఫొటోలు ఉండే డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌కూ బ్యాకప్ తీసి, ఒక ప్రతి నీ కంప్యూటర్‌లో దాచుకో. ఆ తర్వాత సైటుకు నకలు ఒకటి తయారు చేసి, ప్రయోగాలన్నీ అందులోనే చెయ్యి. చాలా హోస్టింగ్ సంస్థలు స్టేజింగ్ పేరుతో ఈ సదుపాయం ఇస్తున్నాయి. నకలును సెర్చ్ ఇంజన్లు పట్టించుకోకుండా రీడింగ్ సెట్టింగ్స్‌లో టిక్ పెడతావు కదా, ఆ నకలును అసలు సైటుకు మార్చిన రోజున ఆ టిక్ తీసెయ్యాలి. అది అలాగే ఉండిపోతే గూగుల్ నుంచి వచ్చే పాఠకులు మెల్లగా తగ్గిపోతారు, కారణం ఎవరికీ తోచదు.

ఇక అక్షరాల సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇంగ్లీషు కోసం చేసిన థీమ్‌లలో శీర్షికల లైన్ హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే కొలత) 1.1, 1.2 దగ్గర ఉంటుంది. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఆ కొలతలో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. కొన్ని థీమ్‌లలో అయితే ఒత్తు సగానికి తెగిపోతుంది. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న అనే మాటలు ఉన్న శీర్షిక ఒకటి రాసి, అది రెండు వరుసల్లోకి వచ్చేలా చేసి చూడు. పది నిమిషాల్లో థీమ్ బండారం బయటపడుతుంది. వ్యాసం లోపలి పాఠానికి 1.8తో మొదలుపెట్టు. శీర్షికల్లో అక్షరాల మధ్య అదనపు ఖాళీ ఏమైనా పెట్టి ఉంటే సున్నా చెయ్యి. పేరా మొదటి అక్షరాన్ని భారీగా చూపించే అలంకారం ఉంటే ఆపెయ్యి.

ఫాంటు విషయంలోనూ తొందరపడకు. మండలి, ఎన్‌టీఆర్ లాంటివి అందంగా ఉంటాయి కానీ ఒకే మందంలో దొరుకుతాయి. థీమ్ బోల్డ్ అడిగినప్పుడు బ్రౌజర్ తనంతట తానే గీతను లావు చేసేసరికి చిన్న ఒత్తులు ముద్దయిపోతాయి. నోటో సెరిఫ్ తెలుగు, అనేక్ తెలుగు వంటి వాటిలో మందాలు విడివిడిగా గీసి ఉన్నాయి కాబట్టి శీర్షికలకు అవి నయం. వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి, అంటే 2024 నుంచి, బ్లాక్ థీమ్‌లలో (పేజీలోని ప్రతి భాగాన్నీ బ్లాకులుగా పేర్చుకునే రకం) ఫాంట్ల గ్రంథాలయం ఉంది. కోడ్ ముట్టుకోకుండానే ఫాంటును సొంత సైటులోకి ఎక్కించుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను బ్లాక్ థీమ్‌నే సిఫార్సు చేస్తాను. కాకపోతే అందులో పక్కపట్టీలోని చిన్న పెట్టెలను సర్దే విడ్జెట్ల పేజీ ఉండదు, అంతా సైట్ ఎడిటర్‌లోనే చేసుకోవాలి. మీ సంపాదకులకు ముందే ఒకసారి కూర్చోబెట్టి చూపించు.

కవితలను ప్రత్యేకంగా చూడు. ఇన్నేళ్లలో ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో ఎక్కించి ఉంటారు. కొందరు ఎంటర్ కొట్టి, కొందరు ఖాళీలు పెట్టి, కొందరు టైపు చేసిన ఖాళీలను, వరుసలను అలాగే ఉంచే ప్రీఫార్మాటెడ్ బ్లాకులో. ఈ చివరి రకం కొత్త థీమ్‌లో బూడిదరంగు పెట్టెలోకి వెళ్లి, ఫోనులో పాదం చివర కనిపించకుండా పోవచ్చు. కవి మెట్లు మెట్లుగా పేర్చిన పాదాలను మనం చదును చేసి చూపిస్తే అది రచనను మార్చడమే అవుతుంది. రకానికి ఒకటి చొప్పున తీసి, చిన్న తెర ఉన్న చవక ఫోనులో చదువు. పేరాలను రెండు వైపులా సమంగా సర్దే అమరిక ఉంటే అదీ తీసెయ్యి. ఇరుకు తెర మీద మన పొడుగు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి.

కొన్ని వస్తువులు పాత థీమ్‌లోనే కాపురం ఉంటాయి. అదనపు సీఎస్ఎస్ (మీరు చేర్చుకున్న రూపురేఖల కోడ్) ఆ థీమ్ పేరు మీదే భద్రమై ఉంటుంది, కొత్తదానికి రాదు. పాత థీమ్‌లో కోడ్ ఉండే ఫంక్షన్స్ ఫైలు తెరిచి, మీకు ముందున్నవాళ్లు ఏమేం చేర్చారో చదువు. పాఠకుల లెక్క చూపే కోడ్, రచయితల జాబితా చూపే షార్ట్‌కోడ్ (పేజీలో రాస్తే ఆ పని చేసిపెట్టే చిన్న గుర్తు) అందులో ఉంటే, థీమ్‌తో సంబంధం లేకుండా పనిచేసే చిన్న ప్లగిన్‌గా విడదీసి పెట్టు. పత్రిక సంచికలను ప్రత్యేక విభాగంగా థీమ్‌లోనే నిర్వచించి ఉంటే, థీమ్ మార్చగానే ఆ మెనూ మాయమవుతుంది. కంగారు పడకు, సంచికలు డేటాబేస్‌లో భద్రంగానే ఉంటాయి. ఆ నిర్వచనాన్నీ ప్లగిన్‌లోకి తెస్తే తిరిగి కనిపిస్తాయి.

పాత చిరునామాల జోలికి మాత్రం పోవద్దు. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు చిరునామాలోకి వెళ్లేసరికి తొమ్మిదేసి గుర్తులు అవుతాయి. వర్డ్‌ప్రెస్ అక్కడ 200 గుర్తులకే చోటిస్తుంది. అందుకే పొడుగు శీర్షికలున్న రచనల చిరునామాలు మధ్యలో తెగి ఉంటాయి. పనిలో పనిగా వాటినీ బాగుచేద్దామనిపిస్తుంది. కానీ థీమ్ మార్పు, చిరునామాల మార్పు రెండూ కలిస్తే ఏది దేనివల్ల చెడిందో తేల్చుకోలేవు. పైగా ఆ లింకులు ఎవరెవరి వ్యాసాల్లో, ఎన్ని వాట్సాప్ బృందాల్లో ఉన్నాయో మనకు తెలియదు.

డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే చోట్ల నుంచి ఎప్పుడూ దింపుకోకు. అలాంటి వాటిలో తరచుగా దొంగ కోడ్ దాగి ఉంటుంది. కొత్త సంచిక వచ్చే వారంలో ఈ పని పెట్టుకోకు. మార్చిన వెంటనే క్యాష్ (వేగం కోసం దాచి ఉంచే పాత పేజీల ప్రతులు) ఖాళీ చెయ్యి. పాత థీమ్‌ను రెండు మూడు నెలల వరకు తొలగించకు. తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి.

నకలు సైటు తయారయ్యాక లింకు పంపు. కవితల పేజీలు నేనూ నా ఫోనులో చదివి, ఎక్కడ తేడాగా ఉందో రాస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య