పార్కిన్‌సన్స్‌లో డిమెన్షియాను రక్త పరీక్షతో ముందే పట్టేయొచ్చా?

మీ నాన్నగారికి కొన్నేళ్లుగా పార్కిన్‌సన్స్ ఉందనీ, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి బాగా తగ్గిపోయే జబ్బు) వస్తుందో లేదో తేల్చే రక్త పరీక్ష చేయించాలా అనీ అడిగారు. ఒక్క పరీక్షతో తేల్చి చెప్పే స్థితి ఇంకా రాలేదండీ. ఆ టెన్షన్‌తో ల్యాబుల చుట్టూ తిరగకండి.

వెన్నులోంచి తీసే ద్రవంలో అమిలాయిడ్ బీటా 42 అనే ప్రొటీన్ తక్కువగా ఉన్నవాళ్లలో ఆలోచనాశక్తి త్వరగా తగ్గే అవకాశం ఎక్కువని అధ్యయనాల్లో కనిపించింది. నరాల కణాలు దెబ్బతింటే బయటికొచ్చే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ రక్తంలో పెరగడమూ అలాంటి సంకేతమే. కానీ వయసు మీద పడినా, కిడ్నీలు సరిగ్గా లేకపోయినా అదీ పెరుగుతుంది. జీబీఏ1 జన్యువులో కొన్ని మార్పులుంటే డిమెన్షియా రిస్క్ ఎక్కువ. ఇవన్నీ వందల మంది మీద సగటున నిజం, ఒక్క మనిషికి జోస్యం కాదు.

నన్నడిగితే మీకు ఇప్పుడు పనికొచ్చేది ఏటా ఒక మోకా పరీక్ష, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి ఎలా ఉన్నాయో చూసే చిన్న పరీక్ష. గడియారం గీయిస్తారు, ఐదు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్లీ అడుగుతారు. పది నిమిషాల పని. లేని మనుషులు కనిపిస్తున్నారన్నా, నిద్రలో అరుస్తూ చేతులు విసురుతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి. బీ12, థైరాయిడ్ కూడా చూపించండి, తేడా ఉంటే మందులతో సరిచేయొచ్చు. వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతుంటే అది మతిమరుపు పెంచగలదు. మీ అంతట మీరు ఆపేయకుండా న్యూరాలజిస్టునడిగి మెల్లగా తగ్గించండి.