వచ్చే ఏడాదికి మా జూడో క్లబ్బు ప్లాన్ వేసుకుంటున్నాం. ముందు దేని గురించి ఆలోచించాలి?

పోటీల క్యాలెండరా, బెల్టు పరీక్షలా, కొత్త పిల్లల్ని చేర్చుకోవడమా అని అడిగారు. నేను కోచ్‌ని కాదు, ఒక జూడో పిల్ల తల్లిని. మా అమ్మాయి ఏడేళ్ళుగా నేర్చుకుంటోంది. రెండేళ్ళుగా తెనాలిలో మా క్లబ్బు లెక్కలు, హాజరు పుస్తకం నేనే చూస్తున్నాను. మీరు అడిగిన మూడూ తర్వాత చూసుకోవచ్చు. కాగితం మీద మొదట రాయాల్సింది పిల్లల బరువు సంగతి.

మూడేళ్ళ కిందట గుంటూరులో సెలక్షన్స్ జరిగాయి. ఏప్రిల్ నెలాఖరు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, బరువు 41 కేజీల 600 గ్రాములు. 44 కేజీల లోపు కేటగిరీలో హాయిగా ఆడొచ్చు. కానీ అందులో గట్టి పిల్ల ఒకతి ఉందని, 40 లోపుకి దిగితే మెడల్ ఖాయమని అప్పటి సార్ అన్నారు. మెడల్ అనేసరికి నేనూ సరేనన్నాను. చేతిలో వారం రోజులే ఉన్నాయి. ముందు రాత్రి అన్నం మాన్పించాను. తర్వాత పొద్దున రెండు ఇడ్లీలు ఒకటైంది. చివరి రెండు రోజులూ నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ ఎండల్లో స్వెట్టరు మీద రెయిన్‌కోటు తొడుక్కుని మేడ మీద పరుగెత్తింది. బస్సులో దారి పొడుగునా కవర్లో ఉమ్ముతూ కూర్చుంది. అలా చేస్తే ఇంకో వంద గ్రాములు తగ్గుతుందని ఎవరో చెప్పారు.

ఇంట్లో మిషను 39.9 చూపించింది. అక్కడి మిషను 40.3 చూపించింది. గంట టైమిచ్చారు. పట్టీలు, దుద్దులు, జడకున్న రబ్బరు బ్యాండు అన్నీ తీసేసి వరండాలో స్కిప్పింగ్ ఆడించాం. మళ్ళీ ఎక్కితే సరిగ్గా 40. నేను చప్పట్లు కొట్టాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

టిఫిన్ డబ్బాలో తెచ్చిన పెరుగన్నం గబగబా తిని, మొత్తం కక్కేసింది. బౌటు మొదలై అవతలి పిల్ల కాలరు పట్టుకోగానే మా అమ్మాయి చేతులు వణుకుతున్నట్టు పైన గ్యాలరీలోంచే కనిపించింది. ఓసోటోగారి వేసింది ఆ పిల్ల, అంటే కాలి వెనక కాలేసి వెనక్కి పడేయడం. ఇప్పాన్, అంటే పూర్తి పాయింటు, ఆట అక్కడితో అయిపోయినట్టే. నిమిషం కూడా కాలేదు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోవడం, చెయ్యి మ్యాటు మీద కొట్టడం మా అమ్మాయి నాలుగేళ్ళు రోజూ చేసిన పని. ఆ రోజు ఒంట్లో అంత శక్తి లేదు. తల వెనక భాగం మ్యాటుకి కొట్టుకుంది. కిందికి పరుగెత్తుకెళ్తే నా వైపు చూసి ఒకటే మాట అడిగింది, "అమ్మా, ఇప్పుడు నీళ్ళు తాగొచ్చా?" అని.

డాక్టరుగారు భయం లేదన్నారు కానీ, నాలుగు నెలలు అది హాలు గడప తొక్కలేదు. మధ్యలో జూడో వదిలేసే ఆడపిల్లల్లో ఎక్కువ మంది వెయింగ్ మిషను దగ్గరే వదిలేస్తారని నా గట్టి నమ్మకం.

తర్వాత కూర్చుని చదివాను. జపాన్ బడుల్లో 1983 నుంచి 2011 లోపు జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారట, ఎక్కువగా తలకి దెబ్బ తగిలి. జూడో పుట్టిన దేశంలోనే ఆ సంగతి. అక్కడి సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ స్థాయి వ్యక్తిగత పోటీలనే ఎత్తేసింది. పెద్దవాళ్ళు గెలుపు కోసం ఆ వయసు పిల్లల చేత బరువు తగ్గించడం కూడా దానికి ఒక కారణం. 2024లో పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో వినేశ్ ఫోగాట్ 50 కేజీల ఫైనల్ ముందు వంద గ్రాములు ఎక్కువై ఆగిపోతే మన దగ్గర అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడు కూడా మా హాల్లో పదేళ్ళ పిల్లల్ని మిషనెక్కించి తిట్టే నాన్నలు ఉన్నారు. ఆమె పెద్దది, తన ఒంటి గురించి తను నిర్ణయించుకోగలదు. పదేళ్ళ పిల్లని ఎవరడిగారు?

ఇక మిగతా ప్లాన్. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక నెల పోటీల మాట ఎత్తకండి, ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడటం, అది మాత్రమే చేయించండి. మార్చిలో పరీక్షలు, పిల్లలు రారు, దాని గురించి టెన్షన్ పడకండి. మే నెలలో పొద్దున ఆరింటికే క్లాసు అయిపోవాలి. 2025 నుంచి యుకో అనే చిన్న స్కోరు మళ్ళీ వచ్చింది కాబట్టి తల్లిదండ్రులకి ఒక ఆదివారం స్కోరింగ్ చెప్పండి, రిఫరీ మీద అరుపులు తగ్గుతాయి. డబ్బు ఉంటే ముందు మ్యాట్లు కొనండి. మా దగ్గర 24 ఉన్నాయి, 8 మీటర్లకి 8 మీటర్లు పరవాలంటే 32 కావాలి. ఉన్నవాటిని కూడా హాల్లో ఫంక్షన్ ఉన్నప్పుడల్లా చుట్టి మూల పెట్టాలి. తీసేసరికి వాటి మీద సాంబారు మరకలు. పిల్లలు మొహం ఆనించే చోటు అది! ఈ మాట ఎంతమందికి చెప్పినా పట్టించుకోరు.

బెల్టుల గురించి కూడా చెప్పాలి. మూడు నెలలకోసారి రంగు మారాలని అడిగేవాళ్ళు మీకూ ఉంటారు. ఫీజు వస్తుంది కదా అని ఒప్పుకోవద్దు. పసుపు బెల్టు కట్టుకున్న పిల్లకి వెనక్కి పడటం రాకపోతే ఆ బెల్టు ప్రమాదం.

మా అమ్మాయి మళ్ళీ వస్తోంది. ఇప్పుడు 52 లోపు ఆడుతుంది, పోయినసారి రెండో రౌండులో ఓడిపోయి, బయటికొచ్చి నిమ్మకాయ సోడా తాగి, తర్వాతి బౌట్లన్నీ చూసింది. మిషను ఇప్పుడు ఆఫీసు బీరువాలో ఉంటుంది, తాళం నా దగ్గర. మా అడ్మిషన్ ఫారం వెనక రెండు వాక్యాలు అచ్చు వేయించి, కింద అమ్మానాన్నల సంతకం తీసుకుంటున్నాం. "పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు పోటీ కోసం బరువు తగ్గరు. ఆ రోజు ఎంత బరువుంటే ఆ కేటగిరీలోనే ఆడతారు." కావాలంటే మీరూ అలాగే వాడుకోండి.