ఒకే కెర్నల్, పలు బోర్డులు

ప్రశ్న: మా బృందం ఒక చిన్న పరికరం కోసం లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి భాగాన్ని) మార్చుకుని వాడుతోంది. మొదట ఒకే బోర్డు ఉండేది, ఇప్పుడు మూడయ్యాయి. కోడ్ నిండా ‘ఇఫ్‌డెఫ్’ షరతులే (కంపైల్ చేసేటప్పుడు ఏ కోడ్ ఉంచాలో, ఏది వదలాలో తేల్చేవి). ఒక బోర్డు కోసం చేసిన సవరణ ఇంకో బోర్డును చెడగొడుతోంది. బోర్డుకొక ప్రతి విడదీసుకోవడం మంచిదా, ఉన్నదాన్నే సర్దుకోవడం మంచిదా?

జవాబు: విడదీయకండి. విడదీసిన కొత్తలో హాయిగానే ఉంటుంది గానీ, తర్వాత బయటపడే ప్రతి లోపాన్నీ మూడు చోట్ల సరిచేయవలసి వస్తుంది. మూడో చోటు ఎప్పుడో ఒకప్పుడు మరుగున పడుతుంది. 32 బిట్, 64 బిట్ ఎక్స్86 ప్రాసెసర్ల కోడ్‌ను లినక్స్ చాలాకాలం రెండు డైరెక్టరీల్లో ఉంచి, ఈ ఇబ్బంది పడలేకనే 2008 జనవరిలో వెలువడిన 2.6.24 వెర్షన్‌లో ఒకే డైరెక్టరీకి తెచ్చింది. తెచ్చిన తీరు మీకు బాగా పనికివస్తుంది. మొదట చాలా ఫైళ్లను పేరు చివర 32 అనో 64 అనో చేర్చి, లోపలి కోడ్‌ను దాదాపు ముట్టుకోకుండా తరలించారు. నిజంగా కలిపే పని ఆ తర్వాతి విడుదలల్లో నిదానంగా సాగింది. మీరు కూడా తరలింపునూ మార్పునూ ఒకే ప్యాచ్‌లో (ఒకసారి చేర్చే మార్పుల కట్టలో) పెట్టకండి. పెడితే, ఏదైనా బోర్డు బూట్ కానప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం గగనమవుతుంది.

ఇక ఇఫ్‌డెఫ్‌ల సంగతి. ఒక్కొక్కదాన్నీ తీసుకుని, అది విలువలో తేడాను చెబుతోందా, పనితీరులో తేడాను చెబుతోందా అని చూడండి. సీరియల్ పోర్టునే తీసుకుందాం. 16550 అనే చిప్ తరహా పోర్టులో స్థితిని తెలిపే రిజిస్టర్ (చిప్‌లోని చిన్న నిల్వ గడి) సంఖ్య 5. రిజిస్టర్లు బైటుకొకటిగా ఉన్న చిప్‌లో అది 5వ బైటు దగ్గరే దొరుకుతుంది. నాలుగు బైట్లకొకటిగా అమర్చిన చిప్‌లో 20వ బైటు దగ్గర ఉంటుంది. ఇది కేవలం విలువలో తేడా. దీనికోసం కోడ్‌లో షరతు పెట్టనక్కరలేదు, డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏయే పరికరాలు ఎక్కడున్నాయో కెర్నల్‌కు చెప్పే వివరాల ఫైలులో, ‘రెగ్-షిఫ్ట్’ విలువ 2 అని రాస్తే సరిపోతుంది (రిజిస్టర్ సంఖ్యను రెండు బిట్లు ఎడమకు జరపమని, అంటే నాలుగుతో గుణించమని అర్థం). అదే ఒక చిప్ బైటు చొప్పున చదవనిచ్చి, మరొకటి 32 బిట్లు ఒకేసారి చదివితేనే ఒప్పుకుంటే, అది పనితీరులో తేడా. అందుకే లినక్స్‌లో ఈ పోర్టును నడిపే కోడ్, అంటే డ్రైవర్, చదివే ఫంక్షన్‌కూ రాసే ఫంక్షన్‌కూ పాయింటర్లు (ఆ ఫంక్షన్ ఎక్కడుందో తెలిపే చిరునామాలు) ఉంచుకుని, పరికరాన్ని గుర్తించే దశలోనే తగినవాటిని అమర్చుకుంటుంది. మిగిలిన డ్రైవర్‌కు తాను ఏ చిప్ మీద నడుస్తున్నదీ తెలియవలసిన అవసరమే ఉండదు.

లినక్స్‌లో ఆర్మ్ రకం ప్రాసెసర్లను చూసే విభాగం పడిన పాట్లలో చాలావరకు ఇలాంటి విలువలను సీ కోడ్‌లో రాసుకోవడం వల్ల వచ్చినవే. బోర్డుకొక ఫైలు పుట్టుకొస్తూ పోయింది. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీనిపై బహిరంగంగానే అసంతృప్తి తెలిపారు. పవర్‌పీసీ, స్పార్క్ యంత్రాల్లో అప్పటికే వాడుకలో ఉన్న డివైస్ ట్రీ పద్ధతిని ఆర్మ్‌కూ విస్తరించడంతో, 2012 డిసెంబరులో వచ్చిన 3.7 నుంచి పలు కంపెనీల చిప్‌లకు ఒకే కెర్నల్‌ను కంపైల్ చేయడం సాధ్యమైంది.

ఒక్క హెచ్చరిక: చేతిలో లేని నాలుగో బోర్డును ఊహించుకుని ముందే పాయింటర్ల పట్టికలు కట్టకండి. మీకున్న మూడింటిలో నిజంగా కనిపించే తేడాలకే చోటు కల్పించండి. ప్రతి ప్యాచ్ తర్వాతా మూడు బోర్డులనూ బూట్ చేసి చూడండి.

ప్రశ్న: కంపైల్ చేసేటప్పుడు తేలిపోయే షరతును కెర్నల్ నడుస్తుండగా తేల్చుకుంటే వేగం తగ్గదా?

జవాబు: సీరియల్ పోర్టు వంటి నెమ్మది పరికరం దగ్గర ఒక పాయింటర్ ద్వారా పిలవడానికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. లక్షల సార్లు నడిచే చోట మాత్రం మీ సందేహం సమంజసమే, దానికి కెర్నల్‌లో చక్కటి ఉపాయం ఉంది. ఆర్మ్ చిప్‌లన్నిటిలో మెమరీ ఒకే భౌతిక చిరునామా దగ్గర మొదలుకాదు. అయినా కెర్నల్ కోడ్ వాడే వర్చువల్ చిరునామాను మెమరీలోని అసలు చోటును తెలిపే భౌతిక చిరునామాగా మార్చే ప్రతిసారీ ఆ తేడాను వెతుక్కుంటే భారమవుతుంది. అందువల్ల 32 బిట్ ఆర్మ్ కెర్నల్ బూట్ మొదట్లోనే ఆ తేడాను కనుక్కుని, కూడికలు, తీసివేతలు చేసే తన ఆదేశాల్లోనే ఆ విలువను దిద్దేస్తుంది. ఎక్స్86 కెర్నల్ కూడా ప్రాసెసర్‌లో ఏ సదుపాయాలున్నాయో చూసుకుని, కొన్నిచోట్ల ఆదేశాలను బూట్ సమయంలోనే మార్చి రాసుకుంటుంది. ఈ పద్ధతిలో కోడ్ చదవడం కష్టమవుతుంది కాబట్టి, ముందు వేగాన్ని కొలిచి, నష్టం నిజంగా కనిపించిన చోటే వాడండి.