నైట్ షిఫ్ట్‌లో లాగ్స్ చూడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

విశాఖలో సర్వర్ల టీమ్‌లో చేరుతున్నావని, వచ్చే నెల నుంచి రాత్రి డ్యూటీలని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమలాపురంలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి ఏ సర్వీసో ఆగిపోతే నీ పక్కన పెద్దవాళ్లెవరూ ఉండరు, చేతిలో జర్నల్‌సీటీఎల్ ఉంటుంది, అంతే. లైనక్స్ సర్వర్ ఎప్పుడేం జరిగిందో రాసుకునే లాగ్స్‌ని చూపించే కమాండ్ అది.

దాని వెనక తగిలించే ఆప్షన్లలో తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఒక్క సర్వీసువే కావాలంటే ‘-యు’, వస్తున్నవి వస్తున్నట్టు చూడాలంటే ‘-ఎఫ్’, చివరి యాభై లైన్లకి ‘-ఎన్ 50’. ఇవి వాడగా వాడగా అవే వచ్చేస్తాయి.

‘-పి’ దగ్గర కాస్త ఆగు, మెసేజ్ ఎంత ప్రమాదమైనదో చూసి వడగట్టేది అది. ధవళేశ్వరంలో గోదావరి వరద 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంకె పెరిగేకొద్దీ మన లంకల్లో దడ పెరుగుతుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 0 అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, 7 ఉత్త డీబగ్, అంటే ప్రోగ్రాం రాసేవాళ్లకి పనికొచ్చే చిన్నాచితకా వివరాలు. ‘-పి 3’ అంటే 0 నుంచి 3 వరకే చూపిస్తుంది. ముందుగా వచ్చిన వార్నింగులు 4లో ఉంటాయి, అవి నీకు కనబడవు.

ఇక నా అసలు భయం. నేను పనిచేసిన ఒకచోట తెల్లవారుజామున రెండు దాటాక పేమెంట్ సర్వీసు పడిపోయింది. డ్యూటీలో ఉన్నాయన ఎప్పటినుంచో చెప్పే ‘--సిన్స్’లో తెల్లవారుజాము రెండు, ఎప్పటివరకో చెప్పే ‘--అంటిల్’లో మూడు పెట్టి, ‘-యు’, ‘-పి 3’ కూడా తగిలించి అడిగాడు. ‘నో ఎంట్రీస్’ అని వచ్చింది. మన సర్వర్‌లో ఏమీ లేదు, తప్పు నెట్‌వర్క్‌దేనని రిపోర్టు రాసేశాడు. నెట్‌వర్క్ చూసేది రాజోలు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. వాడు తల వంచుకుని, తన నోట్‌బుక్కులో రాసుకున్న టైములు మళ్లీ మళ్లీ చూసుకోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన రెండు గంటలంటే దానికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆయన అడిగింది వేరే పూట గురించి! పైగా ‘-యు’ పెడితే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది, రాసుకున్నవి రావు. సరైన టైముకి, కెర్నల్‌వి మాత్రమే చూపించే ‘-కె’ పెట్టి చూస్తే, మెమరీ చాలక కెర్నలే ఆ ప్రాసెస్‌ని చంపేసినట్టు స్పష్టంగా ఉంది. అప్పటికే ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఇంటికెళ్లిపోయాడు.

అందుకే చెబుతున్నాను, ఖాళీగా వచ్చిందంటే నువ్వడిగిన చోట లేదని మాత్రమే. ముందు టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి గడియారం ఏ జోన్‌లో ఉందో చూడు. టైముతో పాటు తేదీ కూడా రాయి, తేదీ లేకపోతే అది ఆ సర్వర్‌కి ఈరోజు అనుకుంటుంది. తర్వాత పెట్టిన ఆప్షన్లు ఒక్కొక్కటే తీసేస్తూ మళ్లీ అడుగు. నీకు పర్మిషన్ లేకపోతే ఇతరుల మెసేజ్‌లు చూపించట్లేదని పైన ఒక లైను వస్తుంది. ‘-క్యూ’ పెట్టావంటే ఆ లైను కూడా పోతుంది, పెట్టకు. రీబూట్‌కి ముందువి కావాలంటే ‘-బి -1’ ఉంది గానీ, లాగ్స్ డిస్క్ మీద దాచే ఏర్పాటు లేకపోతే అవి రీబూట్‌తోనే పోతాయి. చేరిన మొదటి రోజే ‘--లిస్ట్-బూట్స్’ కొట్టి, సర్వర్ మొదలైన ఏయే సార్ల (బూట్ల) లాగ్స్ ఉన్నాయో చూసుకో. ఒక్కటే బూట్ కనబడితే మీ సీనియర్‌ని అడుగు, మొహమాటపడకు.

డిస్క్ నిండిందని కంగారుపడి ‘--వాక్యూమ్-టైమ్’ మాత్రం కొట్టకు తల్లీ. పాత లాగ్స్ తుడిచేస్తుంది, తిరిగి రావు. కావలసిన భాగం ముందు ఫైల్లో దాచుకో.

రాత్రి ఖాళీ కడుపుతో కూర్చుంటావని మీ అత్తకి బెంగ. కొబ్బరి లౌజు చేసి ఆదివారం బస్సులో పంపుతోంది. ఫలానావాళ్ల తప్పని ఏ రిపోర్టులోనైనా రాయాల్సి వస్తే, పంపే ముందు నాకు ఫోన్ చెయ్యి. మూడింటికైనా సరే, ఎత్తుతాను.

మీ మావయ్య