విదేశంలో బండెక్కే ముందు

టీ. నగర్, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాయ్‌లాండ్, వియత్నాం దేశాలకు వెళ్లి, అక్కడ మోటార్‌సైకిల్ అద్దెకు తీసుకుని కొండదారుల్లో తిరగాలనుకుంటున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. వద్దనను, నేనూ తిరిగినవాణ్ణే. అయితే విమానం టిక్కెట్ల కన్నా ముందు కాగితాల సంగతి చూసుకోవాలి.

మొదట కావలసింది అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా వివరాలతో ఫారం 4ఎ నింపి, 1,000 రూపాయల రుసుము కట్టి ఆర్టీఓ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. గడువు ఏడాదే; లైసెన్సు అంతకన్నా ముందే ముగిసేటట్లయితే పర్మిట్ కూడా దానితోనే ముగుస్తుంది. అది లైసెన్సుకు అనువాదం వంటిది కనుక అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.

పర్మిట్ చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి ముద్రలున్న పుట తెరిచి చూడు. 'ఎ' గడి మోటార్‌సైకిల్‌ది, 'బి' గడి కారుది. నా పర్మిట్‌లో 'బి' దగ్గర మాత్రమే ముద్ర పడింది; నేను చూసుకోలేదు. తాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ దగ్గర దోయి సుతేప్ కొండ దిగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. బండి అద్దెకిచ్చినవాడు పర్మిట్ అడగలేదు, దారిలో పోలీసులూ అడగలేదు, అడిగింది బీమా కంపెనీ ఒక్కటే. మౌంట్ రోడ్డు రద్దీలో పాతికేళ్లుగా బండి నడుపుతున్నానన్న నా వాదన వాళ్ల దగ్గర చెల్లలేదు. ఆసుపత్రి ఖర్చంతా నా నెత్తినే పడింది. అందుచేత ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ద్విచక్ర వాహనం నడపడం అందులో చేరుతుందా, ఎన్ని సీసీల వరకు చేరుతుంది అన్నది రాతలో చూసుకో. ఏజెంటు నోటిమాట నమ్మకు.

వియత్నాం సంగతి వేరు. మన దేశం ఇచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది కాగా, వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందపు పర్మిట్‌ను. కాబట్టి 'ఎ' ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా అక్కడ అది చెల్లదు. చెల్లకపోయినా బండి ఇచ్చేవాళ్లుంటారు, అదే చిక్కు. హా జాంగ్ కొండల్లో బండి నడిపి పర్యాటకులను తిప్పే స్థానికులుంటారు, వాళ్లను ఈజీ రైడర్లంటారు. వాళ్ల వెనక కూర్చుని వెళ్లు. వెనక కూర్చోవడం నామోషీ అనుకోకు, లోయ చూడటానికి తీరిక దొరికేది వాళ్లకు కాదు, నీకే.

బండి అద్దెకిచ్చేవాళ్లు హామీగా పాస్‌పోర్టు అడుగుతారు. నకలు, కొంత డబ్బు ఇవ్వు గాని పాస్‌పోర్టు తాకట్టు పెట్టకు. గీత పడిందని బేరం మొదలైతే నీ తిరుగుప్రయాణం వాళ్ల చేతిలో ఉంటుంది.

ఎప్పుడైనా సొంత బండి తీసుకెళ్లాలనిపిస్తే, నేపాల్‌కు, అక్కడ ఉండే రోజులను బట్టి సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ రుసుము కట్టి వెళ్లవచ్చు. ఇరాన్ వంటి దేశాలకు మాత్రం కార్నే అనే కస్టమ్స్ పుస్తకం కావాలి. అందులో ప్రవేశించినప్పటి ముద్రతో పాటు బయటికొచ్చినప్పటి ముద్ర కూడా పడాలి. లేకుంటే బండిని అక్కడే వదిలేశావని భావించి సుంకం వసూలుకు వస్తారు.

పర్మిట్ వచ్చిన రోజునే ముద్రలున్న పుట ఫోటో తీసి నాకు పంపు. ఆ 'ఎ' గడిని నేనూ ఒకసారి చూస్తాను.

నీ మామయ్య