బీడీఎస్ చదువుతూ శబ్దంతో పళ్లను చూస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ మూడో ఏడాది. కాలేజీ సెమినార్‌లో అకౌస్టిక్ మైక్రోస్కోప్‌తో (వెలుగుకు బదులు శబ్దంతో చూసే సూక్ష్మదర్శినితో) తీసిన పంటి చిత్రాన్ని చూసింది మొదలు, క్లినిక్ పెట్టను, ఈ పరిశోధనే చేస్తానంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా? ఇప్పుడే మాన్పించి ఇంజినీరింగ్‌లో చేర్చమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మాన్పించకండి. ఫిజిక్స్ తెలిసినవాళ్లు ఆ ల్యాబ్‌లకు దొరుకుతారు. పన్ను గురించి తెలిసి ఫిజిక్స్ నేర్చుకునేవాళ్లే అరుదు.

ఇది నిన్నమొన్నటి మోజేమీ కాదు. లెమన్స్, క్వేట్ అనే శాస్త్రవేత్తలు ఈ మైక్రోస్కోప్‌ను స్టాన్‌ఫర్డ్‌లో 1974 నాటికే చేసి చూపించారు. పీకిన పన్నును నీళ్లలో ఉంచి, చిన్న లెన్స్ గుండా చెవికి అందనంత హెచ్చు పౌనఃపున్యంతో శబ్దాన్ని పంపుతారు. శబ్దవేగం నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లయితే పంటి లోపలి పొర డెంటిన్‌లో దాదాపు 4,000, దానిపైని గట్టి పొర ఎనామిల్‌లో దాదాపు 6,000. పొర మారిన చోటల్లా కొంత శబ్దం వెనక్కి వస్తుంది. ఖనిజం కరిగి పిప్పి మొదలైన చోట వేగమూ తగ్గుతుంది, ప్రతిధ్వనీ బలహీనపడుతుంది. ఎక్స్‌రేలో ముఖ్యంగా ఖనిజం ఎంత ఉందో తెలుస్తుంది. ఆ కణజాలం ఎంత బిగువుగా ఉందో శబ్దం చెబుతుంది.

అమ్మాయికి ఒక చిన్న లెక్క ఇవ్వండి. ఎనామిల్ మందం 2 మిల్లీమీటర్లు. పైనుంచి వెళ్లిన శబ్దం డెంటిన్ అంచును తాకి పైకి రావడానికి ఎంతసేపు? సెకనులో పది లక్షలో వంతు కూడా పట్టదు, అందులో మూడింట రెండు వంతులే. ఇది విని ఆమె కాగితం, కలం అందుకుంటే సరే. విసుగు పడితే, నచ్చింది చిత్రం మాత్రమేనని అర్థం. అక్కడ రోజూ ఉండేది ఇలాంటి లెక్కలే. మిగతా సమయమంతా పంటిని డైమండ్ రంపంతో కోయడం, నున్నగా రుద్దడం, తడి ఆరకుండా చూసుకోవడం. ఎండిన డెంటిన్ పగుళ్లిస్తుంది. ఒక్క మధ్యాహ్నం ఏమరుపాటుగా ఉంటే వారం పని వృథా.

నాకున్న అసలు బెంగ గణితం గురించి. బైపీసీ నుంచి వచ్చిన అమ్మాయి కదా, ఆ సబ్జెక్టు పదో తరగతితోనే ఆగిపోయి ఉంటుంది. బీడీఎస్ వాళ్లు గేట్ రాయవచ్చు. 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు ప్రత్యేక పేపర్ కూడా ఉంది. కానీ అందులో కలనం, సిగ్నల్స్ వస్తాయి. కాబట్టి ఈ సెలవుల్లోనే ఇంటర్ ఎంపీసీ గణితం పుస్తకాలు తెప్పించండి, దాంతోపాటు పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టమనండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. ఏ కోర్సుకు బీడీఎస్ అర్హత సరిపోతుందో ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో చూసుకోవాలి. గేట్ వద్దనుకుంటే ఎండీఎస్‌లో కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ (పాడైన పన్నును పీకకుండా బాగుచేసే విభాగం) తీసుకుని, థీసిస్‌కు ఈ అంశం అడగవచ్చు. అయితే పరికరం ఉన్న ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఉద్యోగమంటారా, ‘పంటి శబ్ద నిపుణులు కావలెను’ అని ఎవరూ ప్రకటన వేయరు. కానీ చిప్‌ల లోపల పొరలు విడిపోయాయేమో చూసేదీ ఈ రకం మైక్రోస్కోపే. వైద్య అల్ట్రాసౌండ్ పరికరాల తయారీలోనూ ఈ నైపుణ్యం పనికొస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆపైన అద్దె భత్యం. క్లినిక్ ఆదాయంతో పోల్చి ఇప్పుడే కూర్చోపెట్టి వాదించకండి. ఇంటర్న్‌షిప్ కాగానే డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం తప్పకుండా చేయించండి.